పది చెక్కులు బౌన్సైతే పది కోర్టులు తిరగాల్నా?

కొత్తవాడకు చెక్కు రెండు దిక్కుల నుంచి ఎదురైతది. జంపఖానలు తీస్కపోయిన వ్యాపారి బాకీ కింద రాసిస్తే నేతాయన చేతికొస్తది. చిట్టీ ఎత్తుకున్నప్పుడో, బండికి ఫైనాన్స్ తీసుకున్నప్పుడో షూరిటీ కింద సంతకం పెట్టిన ఖాళీ చెక్కయి మన చేతులకెల్లి పోతది. గందుకే చెక్కు బౌన్స్ చట్టం మీద మనం అప్పిచ్చినోళ్ల దిక్కా, తీసుకున్నోళ్ల దిక్కా అని ఒక్క మాటల తేల్చుడు కష్టం. ఒకే ఇంట్ల అన్న ఫిర్యాదుదారు, తమ్ముడు ముద్దాయి అయినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు అసలు ముచ్చట. ఒకటే లావాదేవీల పది చెక్కులు బౌన్సైతే కేసులు నాలుగు ఊర్లల్ల నడవాల్నా, ఒక్క కోర్టుల నడవాల్నా? ఒక్క కోర్టులనే నడవాలె. దీంట్ల నాకు రెండో మాట లేదు. అది ఏ ఊరి కోర్టు అన్న కాడనే లొల్లి.

జెర ఎన్కకు పోదాం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది, తెల్లోళ్ల కాలంది. చెక్కు బౌన్సును నేరం చేసిన 138వ సెక్షన్ మాత్రం 1989 ఏప్రిల్ 1 నుంచి అమలుకొచ్చింది. ఇప్పుడున్న శిక్ష రెండేండ్ల దాంక జైలు, లేకుంటే చెక్కు మొత్తానికి రెండింతల దాంక జుర్మానా, లేకుంటే రెండూ. కేసు ఏడ వెయ్యాలన్న దాని మీద సుప్రీంకోర్టే అటూ ఇటూ ఊగింది. చెక్కు రాసిన కాడ, బ్యాంకుల వేసిన కాడ, నోటీసు ఇచ్చిన కాడ, ఏడనన్న వెయ్యొచ్చని 1999ల చెప్పింది. అప్పిచ్చిన కంపెనీలకు పండుగైంది. కాదు, చెక్కు రాసినాయన బ్యాంకు బ్రాంచి ఉన్న ఊర్లనే వెయ్యాలని 2014 ఆగస్టు 1న దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ కేసుల మల్ల చెప్పింది. ఈసారి ఫైనాన్స్ సంస్థలు, పరిశ్రమల సంఘాలు గగ్గోలు పెట్టినయి. 2015ల పార్లమెంటు చట్టాన్ని సవరించింది. చెక్కును తన ఖాతాల వేసుకున్నాయన బ్రాంచి ఏడుంటే ఆడనే కేసు అన్నది.

గదే సవరణల 142ఏ అని ఒక సెక్షన్ పెట్టిండ్రు. మన పోరగాళ్లు చదవాల్సింది ఇదే. ఒక మనిషి మీద సరైన కోర్టుల ఒక చెక్కు కేసు వేసినంక, అదే మనిషి మీద అదే ఫిర్యాదుదారు తర్వాత వేసే చెక్కు కేసులన్నీ అదే కోర్టుల వెయ్యాలె. తర్వాతి చెక్కులు ఏ ఊరి బ్రాంచిల వేసినా సరే.

నేతాయన దిక్కు నుంచి చూస్తే ఇది మంచి సాధనం. హైదరాబాద్ వ్యాపారి ఐదు చెక్కులిచ్చిండనుకుందాం. రెండు వరంగల్ ఖాతాల వేస్తే బౌన్సైనయి, వరంగల్ కోర్టుల కేసు పడ్డది. మిగిలిన మూడు హైదరాబాద్‌ల ఇంకో ఖాతాల వేసినా, ఆ కేసులు కూడా వరంగల్‌కే వస్తయి. మగ్గం బందువెట్టి హైదరాబాద్ బస్సెక్కే పని లేదు. కానీ మొదటి కేసు ఏడ పడితే మిగిలినయి ఆడికే పోతయి, గందుకే మొదటి చెక్కు ఏ ఖాతాల వేస్తున్నమో చూసుకోవాలె. బ్యాంకు చెక్కు వాపసు ఇచ్చినంక 30 రోజులల్ల నోటీసు, అది అందినంక 15 రోజుల గడువు, ఆ గడువు దాటినంక నెలలోపు ఫిర్యాదు. ఈ లెక్క తప్పితే ఏ కోర్టైనా చేసేది తక్కువే.

కేసులు అప్పటికే రెండు రాష్ట్రాలల్ల పడి ఉంటే? 2023 ఫిబ్రవరిల యోగేష్ ఉపాధ్యాయ్ వర్సెస్ అట్లాంటా లిమిటెడ్ కేసు గిట్లాంటిదే. ఒకే లావాదేవీల ఆరు చెక్కులు. రెండు కేసులు నాగపూర్‌ల, నాలుగు ఢిల్లీ ద్వారక కోర్టుల. సుప్రీంకోర్టు నాగపూర్‌యి రెండూ ఢిల్లీకి పంపింది. చెక్కు చట్టం ఏమన్నా, కేసు బదిలీ చేసే అధికారం తమకు ఉన్నదని తేల్చింది. ఒక్కటే ముచ్చట మీద రెండు కోర్టులు రెండు తీర్పులిస్తే ఎట్ల అన్నది దాంట్ల న్యాయం. మంచిదే. కానీ బదిలీ అడిగింది ఎవలు? చెక్కులు పట్టుకున్నాయనే.

ముద్దాయి అడిగితే ఏమైందో 2025 మార్చి 6 నాటి తీర్పుల చూడొచ్చు. కోయంబత్తూరుకు చెందిన శ్రీ సెంధూర్ ఆగ్రో కంపెనీ మీద కోటక్ మహీంద్రా బ్యాంకు చండీగఢ్‌ల చెక్కు కేసు వేసింది. కోయంబత్తూరుకు మార్చమని కంపెనీ అడిగితే కుదరదన్నది సుప్రీంకోర్టు. దూరం, ఇబ్బంది ఒక్కటే కారణమైతే బదిలీకి చాలదన్నది. కోర్టును తప్పు పట్టుడు కాదు, 2015ల రాసిన చట్టం అట్లున్నది. ఒక కంపెనీకే చండీగఢ్ దూరమైతే, బండి కిస్తీ తప్పిన మన ఊరి పిలగానికి ఎంత దూరం?

ఇంకో మెలిక ఉన్నది. ఒకే కోర్టు అంటే ఒకే విచారణ కాదు. ఏడాదిల జరిగిన ఒకే తీరు నేరాలు ఎన్నిటిని ఒక్క విచారణల కలపొచ్చన్న దానికి హద్దున్నది. పాత సీఆర్‌పీసీల మూడు, 2024 జులై 1 నుంచి అమలైన బీఎన్‌ఎస్‌ఎస్‌ల ఐదు. పన్నెండు నెలల కిస్తీలకు పన్నెండు చెక్కులిచ్చినోని మీద ఒకే కోర్టుల మూడు విచారణలు నడువొచ్చు. చెక్కులన్నీ ఒకే లావాదేవీయి అని చూపెడితేనే ఈ హద్దు దాటే తొవ్వ ఉన్నది. ఆ మాట మొదటి వాయిదాలనే వకీలుతోని రాతపూర్వకంగ పెట్టియ్యాలె. 2021 ఏప్రిల్ 16న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఈ హద్దు చెక్కు కేసులకు అడ్డు రాకుండ చట్టం మార్చమన్నది. 2019 ఆఖరుకు దేశంల పెండింగున్న 2.31 కోట్ల క్రిమినల్ కేసులల్ల 35.16 లక్షలు చెక్కు బౌన్స్‌యే అని ఆ తీర్పులనే ఉన్నది. ఒకే లావాదేవీల ఒక కేసుల సమన్లు అందితే మిగిలిన కేసులల్ల అందినట్టే లెక్క పెట్టేటట్టు హైకోర్టులు పద్ధతి తేవాలని కూడా చెప్పింది. ఇది ఫిర్యాదుదారుకు లాభం. ముద్దాయికి లాభమైన మాట 2013 నాటి వీకే బన్సల్ కేసుల ఉన్నది. ఒకే లావాదేవీ చెక్కులల్ల పడ్డ జైలు శిక్షలు ఒకదాని ఎన్క ఒకటి కాకుండ ఒక్కసారే నడవాలన్నరు.

పెద్దోళ్ల కథ వేరు. 2016 ఏప్రిల్ 20న 50 లక్షల చొప్పున రెండు చెక్కుల కేసుల హైదరాబాద్ కోర్టు విజయ్ మాల్యాను దోషి అన్నది. కేసు వేసింది శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ కంపెనీ. శిక్ష చెప్పడానికి మనిషి లేడు, మార్చిలనే దేశం దాటిండు. మన పిలగాడు వాయిదా తప్పితే వారంటు పట్టుకొని పోలీసులు గడప ముందట నిలబడుతరు. దూరం కోర్టుల కేసుంటే హాజరు మినహాయింపు అడిగే హక్కు వానికున్నదని చెప్పెటోళ్లు కూడా తక్కువే.

నేనడిగేది చిన్న సవరణ. చెక్కులు పట్టుకున్నది బ్యాంకో, ఫైనాన్స్ కంపెనీయో అయితే, అప్పు ఏ బ్రాంచిల ఇచ్చిండ్రో ఆ ఊరి కోర్టుకే కేసులన్నీ రావాలె. నేతాయన, రైతు, చిన్న దుకాణపాయన వేసే కేసులకు ఇప్పుడున్నట్టే ఉండనియ్యండ్రి. చెక్కు పుస్తకమే చూడని పిలగాండ్లు ఇది తమ ముచ్చట కాదనుకోవద్దు. ఫోన్ల ఓకే కొట్టిన ఆటో డెబిట్ పైసలు లేక తిరిగిపోతే, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద అది కూడా నేరమే. శిక్ష కూడా చెక్కు బౌన్సుకు ఉన్నంతే, రెండేండ్ల దాంక.