తలగడ చేసిన చేటు

మా అమ్మకు మోకాలి ఆపరేషను చేయించబోతున్నామని మునుపు వ్రాసినాను. తరువాత ఏమైనదని సంఘంలో కనబడిన వారందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేకంటె ఇక్కడ వ్రాయడం మేలు. ఇందులో నా తప్పొకటి ఉన్నది, అదీ దాచను.

అమ్మ మొదట ఒప్పుకోలేదు. "అరవై ఎనిమిదేండ్లు మోసిన మోకాలు, ఇంకో పదేండ్లు మోయదా?" అన్నది. వాజపేయిగారి సంగతి చెప్పినాను. ఆయన ప్రధానిగా ఉండగానే 2000లో ఎడమ మోకాలు, 2001లో కుడి మోకాలు బొంబాయిలో మార్పించుకున్నారు. చేసినవారు న్యూయార్కు వైద్యులు చిత్తరంజన్ రణావత్ గారు. 1970లలో ఈ కృత్రిమ మోకాలిని తీర్చిదిద్దిన వారిలో ఒకరు. "ప్రధానమంత్రి నడిచినాడు గదా, సరే" అన్నది అమ్మ. గుమాస్తానైన నాకు ధైర్యమిచ్చినది మాత్రం 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వం తెచ్చిన ధరల కట్టడి. అంతకు మునుపు లక్షన్నర దాకా పలికిన కోబాల్టు-క్రోమియం మోకాలికి ఆనాడు 54,720 రూపాయలు, పైన పన్ను, అని హద్దు పెట్టినారు.

ఐదవనాడు మదురై నుండి ఇంటికి తెచ్చినాము. దారిలో రెండుచోట్ల కారు ఆపి, వాకరు పట్టించి నాలుగడుగులు నడిపించినాము. కదలక కూర్చుంటే కాలి రక్తనాళాలలో నెత్తురు గడ్డకట్టవచ్చునట. ఇంటికి రాగానే అమ్మ తన కట్టు తడిమి, "ఇది మన ఛత్రపట్టి గుడ్డేనా?" అన్నది. మన ఊరి పక్క మగ్గాలమీద నేసిన గుడ్డ ఎక్కడెక్కడి గాయాలకో కడుతున్నారు. తన కాలికీ కట్టినారంటే ఆమెకదో తృప్తి.

వ్యాయామం నేర్పడానికి ఒక అరవ అమ్మాయి వచ్చేది. పాదం పైకీ కిందికీ ఆడించడం, తొడకండ బిగించి మోకాలిని పరుపుకు అదమడం, మడమను వెనుకకు జరుపుతూ మోకాలు మడవడం. నొప్పి కొంచెమైతే అమ్మ అరవంలో "పోదుమ్మా" అనేది. నిజంగా నొప్పిపుడితే తెలుగులో తిట్టేది. ఏ భాష వినబడుతున్నదో దానినిబట్టి వంటింట్లో ఉన్నవారికి కూడా నొప్పి ఎంతో తెలిసేది.

ఆ తెలుగు తిట్లు వినలేక నేనొక పని చేసినాను. రాత్రిపూట అమ్మ మూలుగుతుంటే మోకాలికింద మెత్తని తలగడ పెట్టినాను. "నా బిడ్డ చల్లగుండాలి" అని అమ్మ హాయిగా నిద్రపోయినది. పగలు కూడా "ఈపూటకు వద్దులే" అంటే వ్యాయామం మానిపించినాను. మా ఇంటావిడ వద్దన్నది. నేను వినలేదు.

మూడవ వారం చూపించుకోవడానికి పోతే డాక్టరుగారి ముఖం మారినది. మోకాలు పూర్తిగా చాచుకోవడంలేదు, సరిగా మడవడమూ లేదు. "తలగడ పెట్టినారా?" అని అడిగినారు. వంచి ఉంచితే మోకాలు ఆ వంపులోనే బిగుసుకుంటుందట. ఇట్లే ఉంటే మళ్లీ మత్తు ఇచ్చి వంచవలసి వస్తుందన్నారు. ఆఫీసులో ఎన్ని చీవాట్లు తిన్నానో గాని, ఇంతగా తల వంచుకోలేదు.

ఆ రాత్రి మా ఇంటావిడ తలగడ తీసివేసి, తువాలు చుట్టి మడమకింద పెట్టినది, మోకాలు తనంత తానే చాచుకునేటట్లు. పూటపూటకు గడియారం చూచి వ్యాయామం చేయించినది. తరువాత మంచుగడ్డలు గుడ్డలో చుట్టి కాపినది. అమ్మ రెండురోజులు కోడలితో మాట్లాడలేదు. నన్ను చూచి కన్నీరు పెట్టుకున్నది. నేను గది బయటికి పోయి నిలబడినాను. అంతకంటె చేయగల సహాయం నాకు లేకపోయినది.

ఇప్పుడు మూడవ నెల. మోకాలు చాచుకున్నది; మళ్లీ మత్తు అవసరం రాలేదు. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషను కాలు ముందు అని అమ్మ వచ్చినవారికి పాఠం చెబుతున్నది. నేలమీద చాప మాత్రం ఇక లేదు, భోజనం బల్లమీదనే.

మీ ఇంట ఇట్టి అవసరం వస్తే, పిక్కలో వాపూ నొప్పీ, ఆయాసం, జ్వరం, గాయంనుండి చీము వంటివి కనబడితే ఒక్కపూట కూడా ఆగవద్దు. తలగడ సంగతి మరువవద్దు.

నిన్న ఆఫీసునుండి వచ్చేసరికి అమ్మ మూడు మెట్లు దిగి వీధితిన్నెమీద కూర్చున్నది. పక్కన కోడలు. ఇద్దరూ మల్లెపూలు కడుతున్నారు. నన్ను చూచి, "నీవు లేనప్పుడే దిగినానురా, ఉంటే పట్టుకుందువు" అన్నది.