మా నాలుక మీద బెత్తం

ఆగస్టు 29 వచ్చిందంటే గిడుగు రామమూర్తి పటానికి దండ పడతాది. ఆ పూలు మా ఆనందపురం మార్కెట్టు నుంచి వెళ్లినవే కావొచ్చు. వేదిక మీద తేనె తెలుగు, తేట తెలుగు అని ఒకటే ఉపన్యాసాలు. ఆ మనిషిని ఎందుకు తిట్టారో మాత్రం ఎవరూ చెప్పరు.

బడి పిల్లడికి అర్థమయ్యే మాటలో చదువు చెప్పాలన్నాడు. అదే నేరం. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్, విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ ఆ వాదంలో అతని పక్కన నిలిచారు. పండితులు ఊరుకుంటారా? 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టారు. జయంతి రామయ్య పంతులు ముందు నడిచాడు. మద్రాసు యూనివర్సిటీ గ్రాంథికం పక్కనే నిలబడింది. 1914లో గురజాడ అసమ్మతి పత్రం రాశాడు, మరుసటేడు పోయాడు. గిడుగు ఒక్కడే సభలకి పుస్తకాల మూటతో వెళ్లి, పండితుల గ్రాంథికంలోనే తప్పులు ఏరి చూపించాడు. వాళ్లు అతనికి పెట్టిన పేరు గ్రామ్యవాది.

గ్రామ్యం అంటే ఏటి? ఊరి మాట. ఊరి మాటే అంత అంటరానిదైతే, ఊరవతల మా పేట మాట సంగతేటి?

గిడుగు బ్రాహ్మడే. అయినా పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తూ సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నాడు. సొంత డబ్బుతో సవర పిల్లలకి సవరలోనే బడులు నడిపాడు. 1931లో వాళ్ల భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. అక్కడ నేను తల వంచుతాను. దండలేసేవాళ్లకి ఈ సవర బడులే గుర్తుండవు.

అయితే లెక్క లెక్కే. గిడుగుకి తిట్లు పడ్డాయి, 1913లో రావుబహద్దూరు బిరుదూ వచ్చింది. 1848 నుంచి పూనాలో ఆడపిల్లలకి, అంటరానివాళ్లకి చదువు చెప్పిన సావిత్రిబాయి ఫూలే మీద పేడ పడింది. బార్సిలోనాలో చర్చి పెత్తనం లేని బడి నడిపిన ఫెర్రర్‌ని, తిరుగుబాటు నేరం మోపి 1909లో కాల్చేశారు. చదువు ఎవరికి చేరుతుందన్నదే కాదు, చెప్పే మనిషిది ఏ కులమన్నది కూడా చూసి మన దేశంలో శిక్ష వేస్తారు.

చివరికి వ్యావహారికం గెలిచింది. ఎవరి వ్యావహారికం? దానికి ముందు 'శిష్ట' అని ఓ తోక తగిలించారు. ఎవడు శిష్టుడో మాకు చెప్పక్కర్లేదు. నేను బడికెళ్లేనాటికి పుస్తకాల్లో గ్రాంథికం వెనకబడింది, బెత్తం మాత్రం అక్కడే ఉంది. వ్యాసంలో 'మా అయ్య పనికి ఎల్లిపోనాడు' అని రాశాను. మేష్టారు ఆ వాక్యం పైకి చదివి, "ఇది తెలుగు కాదురా, పేట కూత" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మా అయ్య వెళ్లింది వాళ్ల పొలాల్లో కూలికే.

2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అనగానే తల్లిభాష చచ్చిపోతోందని గోల పెట్టిన పెద్దలున్నారు. గిడుగు పేరు కూడా వాడుకున్నారు. అయ్యా, మీ పిల్లలు ఏ మీడియంలో చదివారు? మా గుంటలు తెలుగులో నోరిప్పితే నవ్వింది మీరే, ఇంగ్లీషు అడిగితే ఏడ్చిందీ మీరే. మాకు ఇంగ్లీషూ కావాలి. 'ఎల్లిపోనాడు' అని రాస్తే దెబ్బ పడని బడీ కావాలి. వచ్చే ఆగస్టు 29న దండ వేసే ముందు ఈ రెండింటికీ జవాబు చెప్పండి.