సీసాలో దాక్కున్న చేప

‘‘అమ్మమ్మా, యాంకోవీ అంటే చేపే కదా?’’

పదేళ్ల మనవడి చేతిలో బార్బెక్యూ సాస్ సీసా ఉంది. నా చేతిలో అదే సాస్ పూసి కాల్చిన మొక్కజొన్న పొత్తు. అప్పటికి సగం తినేశాను.

అమ్మాయి వాళ్లుండేది అమెరికాలో, కాన్సాస్ సిటీ శివార్లలో. వేసవి వస్తే అక్కడ ప్రతి పెరట్లోనూ పొగే. వాళ్లు మాంసం కాల్చుకుంటే మావాళ్లు పనీరూ, క్యాప్సికమ్ముక్కలూ, పొత్తులూ కాల్చేవారు. మాది నీసు ముట్టని ఇల్లు. ఆ సాస్ మాత్రం నాకు తెగ నచ్చేసింది. పులిహోర పులుసులో బెల్లం కాస్త ఎక్కువ పడి, దానికి కట్టెలపొయ్యి పొగ పట్టినట్టుంటుంది. మూడు వారాల్లో ఉప్మాలోకి కూడా నంజుకునేదాకా వెళ్లాను.

అమ్మాయి మొహం పాలిపోయింది. ‘‘నేను చూసుకోలేదమ్మా’’ అంది. పన్నెండేళ్లుగా అక్కడుంటోంది. బిస్కెట్లలో గుడ్డుందా, స్వీట్లలో జెలటిన్ ఉందా అని చూడందే ఏదీ కొనదు. సాస్ దగ్గర మాత్రం ‘టొమాటోయే కదా’ అనుకుందట. తెలియక తిన్నదానికి దోషమేమిటే అని నేనే సర్దిచెప్పాను. కానీ రాత్రి పదింటికి మంచినీళ్లకని లేచి చూస్తే, ఫ్రిజ్ తలుపులో ఉన్న సీసాలన్నీ భోజనాల బల్లమీద పెట్టుకుని ఒక్కోటీ చదువుతోంది పిచ్చిపిల్ల. చేప తిన్న బాధకన్నా అది చూసిన బాధే నాకు ఎక్కువైంది.

ఇంతకీ టొమాటో సాస్‌లోకి చేప ఎలా వచ్చిందంటారా? చాలా బార్బెక్యూ సాస్‌లలో రుచి కోసం వోర్సెస్టర్‌షైర్ సాస్ అని నల్లటి ద్రవం ఒకటి కలుపుతారు. ఇంగ్లండ్‌లోని వోర్సెస్టర్ ఊళ్లో లీ, పెర్రిన్స్ అనే ఇద్దరు మందుల తయారీదారులు 1837లో అమ్మడం మొదలుపెట్టిన సరుకది. వెనిగర్, మొలాసిస్, ఉల్లి, వెల్లుల్లితోపాటు ఊరబెట్టిన యాంకోవీ చేపలూ అందులో ఉంటాయి. ఇంకోటి కూడా ఉంటుంది... చింతపండు! ఆ మాట చదివి మా అమ్మాయి మొదటిసారి నవ్వింది. నాకు నచ్చిన ఆ పులుపు మనదే అన్నమాట.

మన దేశంలో ప్యాకెట్‌మీద పచ్చచుక్క చూసుకుంటే చాలు. అమెరికాలో అలాంటి గుర్తు తప్పనిసరి కాదు. అయితే 2004లో చేసిన చట్టంవల్ల పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగల్లాంటి ఎలర్జీ కలిగించేవాటి పేర్లు మామూలు భాషలో రాసితీరాలి. నువ్వులు కూడా 2023 నుంచి ఆ జాబితాలో చేరాయి. కాబట్టి దినుసుల వరుసలోనో, దాని చివరో ‘చేప’ అన్న మాటగానీ, యాంకోవీలాంటి చేప పేరుగానీ ఉందేమో చూస్తే దొరికిపోతుంది. అన్ని సాస్‌లలోనూ ఉండదు లెండి. చేపలేనివీ ఉన్నాయి. కానీ ఆ సీసాలు చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. చాలావాటిలో రెండు టేబుల్‌స్పూన్ల సాస్‌కి 12 నుంచి 16 గ్రాముల చక్కెర ఉంది. అంటే మూడు నాలుగు చెంచాలు. మా అల్లుడికి చెప్తే తినడం ఆపి వింటూ కూర్చున్నాడు.

ఆదివారం నలుగురూ భోజనానికొస్తున్నారు. ఇంట్లోనే చేసేద్దాం అన్నాను. పక్కింటాయన డెబ్బై దాటిన పెద్దమనిషి, తెల్లవారుజామునే లేచి మాంసానికి పొగ పెట్టే రకం. ఆయన్ని అడిగితే ‘ఏ సాస్?’ అన్నాడు. ఆవకాయ ఊరికో తీరు ఉన్నట్టే ఇదీనట. నార్త్ కరోలినా తూర్పున టొమాటో ఊసే ఉండదు, వెనిగర్‌లో మిరప కలిపి చారులా పల్చగా చేస్తారు. సౌత్ కరోలినాలో పచ్చటి ఆవపిండి సాస్. ఉత్తర అలబామాలో మయొనైజ్‌తో తెల్లగా ఉంటుంది. కాన్సాస్ సిటీది చిక్కగా, తియ్యగా, టొమాటోతో. ఆ ఊళ్లో 1908లో ఈ వ్యాపారానికి శ్రీకారం చుట్టిన నల్లజాతి వంటగాడు హెన్రీ పెర్రీ సాస్ మాత్రం మిరియాల ఘాటుతో నషాళానికంటేదట. తీపి తర్వాత వాళ్లు పెంచిందే.

సరే, విధానం. బాగా పండిన కిలో టొమాటోలను ముక్కలుకోసి మూతపెట్టి మగ్గనివ్వండి. చల్లారాక మిక్సీ వేసి జల్లెడలో వడకట్టండి. రంగుకోసం నాలుగైదు బ్యాడిగి మిరపకాయలు వేణ్నీళ్లలో నానబెట్టి మెత్తగా రుబ్బుకోండి. వెడల్పాటి స్టీలు గిన్నెలో చెంచా నూనె వేసి, ఒక ఉల్లిపాయ తురుము, ఐదు వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేయించి, ఇవన్నీ కలిపేయండి. అరకప్పు వెనిగర్, ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల చిక్కటి చింతపండు గుజ్జు, చెంచా మిరియాల పొడి, రెండు లవంగాలు, ఒకటిన్నర చెంచాల ఉప్పు వేయండి. పులుపు ఎక్కువ కాబట్టి సత్తుగిన్నె పనికిరాదు. సన్నటి సెగమీద ముప్పావుగంట పడుతుంది. చిట్లుతుంది, దగ్గరగా వంగి చూడకండి. గరిటె వెనక వేలితో గీత గీస్తే కలిసిపోకుండా నిలవాలి.

బెల్లం అప్పుడు వేయాలి, ముందు కాదు. మొదటిసారి నేను ఆత్రంకొద్దీ ముందే వేసి అడుగంటించాను, గిన్నె తోమడానికి అల్లుడికి అరగంట పట్టింది. వంద గ్రాముల బెల్లం కొద్ది నీళ్లలో కరిగించి, నలకలు పోయేలా వడకట్టి కలపండి. మరో పది నిమిషాలు ఉడికించి, దించేముందు చెంచా ఆవపిండి వేయండి. పొగ రుచి కావాలంటే చిన్న స్టీలుగిన్నెలో కణకణలాడే బొగ్గు ఉంచి, దాన్ని సాస్ మధ్యలో పెట్టి, బొగ్గుమీద నూనెచుక్క వేసి రెండు నిమిషాలు మూతపెట్టండి. తలుపులు తీసి ఉంచండి. లేదంటే అమెరికాలో అలారం మోగుతుంది, మాకు మోగింది.

దాదాపు అరలీటరుకు కాస్త తక్కువ వస్తుంది. రెండు టేబుల్‌స్పూన్లకు 7 గ్రాముల బెల్లం పడుతుంది. సీసాలోదానికన్నా తక్కువే అయినా, బెల్లం కూడా తీపే. మధుమేహం ఉన్నవాళ్లు ‘ఇంట్లో చేసింది కదా’ అని మోసపోవద్దు. వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టిన గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు వాడుకోవచ్చు. మాంసం కాల్చేవాళ్లు కావలసినంత సాస్ వేరే గిన్నెలోకి తీసుకోవాలి. పచ్చిమాంసానికి తగిలిన కుంచె మళ్లీ సీసాలో ముంచకూడదు.

ఆదివారం పనీరుకు మొదట్లోనే సాస్ పూసి నిప్పులమీద పెట్టాను. ఐదు నిమిషాల్లో బొగ్గయిపోయింది. గోడవతల నుంచి చూస్తున్న పెద్దాయన చేతులూపాడు. తీపి మాడుతుంది, కాలడం అయిపోవచ్చాక చివరి పది నిమిషాల్లోనే పూయాలట. రెండో విడత బాగా కుదిరింది. అమ్మాయి పొత్తుమీద తనే పూసి నా పళ్లెంలో పెట్టి, నేను కొరికేదాకా ఎదురుగానే నిలబడింది. మనవడు సీసాకు కాగితం అంటించి దినుసులన్నీ వరసగా రాశాడు. ‘చేప లేదు’ అని కింద పెద్ద అక్షరాలతో.

పెద్దాయన వేలితో నాకి చూసి, చేపకు బదులు ఏం వేశారని అడిగాడు. నిమ్మకాయంత చింతపండు పొట్లం కట్టి ఇచ్చాను. మర్నాడు అమ్మాయితో అన్నాట్ట, రుచి బ్రహ్మాండంగా ఉంది కానీ మిక్సీ బ్లేడు వంగిపోయిందని. గింజలు తీయాలని చెప్పడం మర్చిపోయాను.