ఫిబ్రవరి 28న చార్టులు చాలు, చప్పట్లు కొడదాం

జాతీయ సైన్స్ దినోత్సవం వచ్చిందంటే మా బడిలో జరిగేది ఒకటే. థర్మోకోల్ షీటు, స్కెచ్ పెన్నులు, మధ్యలో తలపాగాతో సర్ సి.వి. రామన్ బొమ్మ. అసెంబ్లీలో ఒకరు కాగితం చూసి చదువుతారు: 1928లో రామన్ ఎఫెక్ట్, 1930లో నోబెల్ బహుమతి. అందరూ చప్పట్లు కొడతారు. నెల తిరిగేసరికి ఆ చార్టు మెట్ల కింద దుమ్ము కొట్టుకుని ఉంటుంది. ఈ తంతు మారాలని మా అభిప్రాయం.

అసలు రామన్ మనలాంటివారే అన్న సంగతి ఆ చార్టుల్లో ఎప్పుడూ కనిపించదు. పుట్టింది తిరుచిరాపల్లిలో. నాన్నగారికి విశాఖపట్నంలో ఉద్యోగం రావడంతో బడి చదువంతా అక్కడే. పెద్దయ్యాక ఆయనే బదిలీల ఉద్యోగి అయ్యారు! 1907లో ఆర్థిక శాఖలో చేరి కలకత్తా వెళ్లారు. తర్వాత రంగూన్, నాగపూర్, 1911లో మళ్లీ కలకత్తా. ఆఫీసుకు ముందూ, ఆఫీసు అయ్యాకా ప్రయోగశాలలో గడిపేవారు. 1921లో ఓడ ప్రయాణంలో సముద్రపు నీలం చూసి కాంతి వెంట పడ్డారు గానీ, అంతకుముందు ఏళ్ల తరబడి పట్టుకున్నది ధ్వనినే. ఊరికే బిగించిన తోలు మీద కొడితే వచ్చే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం కుడివైపు మధ్యలో ఉండే నల్లటి పూత బరువు వల్ల అవి 1, 2, 3, 4, 5 లెక్కన సర్దుకుంటాయని ఆయన చూపించారు. మృదంగం శ్రుతిలో పలికేది అందుకే. ఇది ఏ చార్టులోనూ మేము చూడలేదు.

మాలో ముగ్గురం తొమ్మిదో తరగతి మధ్యలో వచ్చినవాళ్లం. పాత బడిలో ధ్వని పాఠం మొదలే కాలేదు, కొత్త బడిలో అయిపోయింది. ఫ్రీక్వెన్సీ, వేవ్‌లెంగ్త్ నిర్వచనాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. అర్థమైందా అని అడిగితే తల దించుకోవాల్సిందే.

అందుకే ఒక సాయంత్రం టేపు తీసుకుని మైదానంలోకి వెళ్లాం. పెద్ద గోడకు ఎదురుగా 50 మీటర్ల దూరంలో నిలబడి చప్పట్లు కొట్టాం. ప్రతిధ్వని సరిగ్గా రెండు చప్పట్ల నడుమ పడేలా లయ కుదుర్చుకోవాలి. శబ్దం గోడదాకా వెళ్లి రావడం 100 మీటర్లు. చప్పట్టుకీ చప్పట్టుకీ మధ్య అలాంటివి రెండు, అంటే 200 మీటర్లు. అలాంటి 20 విరామాలకు 4,000 మీటర్లు. స్టాప్‌వాచ్‌లో వచ్చిన సెకన్లతో భాగిస్తే శబ్ద వేగం వచ్చేస్తుంది. కాంతితో ఈ ఆట సాగదు. ఆ 100 మీటర్లకు దానికి పట్టేది సెకనులో 30 లక్షల వంతు!

మాకు మొదట సెకనుకు 367 మీటర్లు వచ్చింది. పుస్తకం తప్పేమో అని ఒకడు అన్నాడు కూడా. తప్పు మాదే. మొదటి చప్పట్టునే 'ఒకటి' అని లెక్కపెట్టాం, దాంతో 19 విరామాలే అయ్యాయి. 'సున్నా' నుంచి మొదలుపెడితే 11.5 సెకన్లు, దాదాపు 348 మీటర్లు. ఆ రోజు ఎండ 30 డిగ్రీలు.

ఇక్కడే మన బదిలీలు పనికొస్తాయి. గాలిలో శబ్ద వేగం 0 డిగ్రీల దగ్గర 331 మీటర్లు. వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. లేహ్ చలిలో ఇవే చప్పట్లకు 12 సెకన్లు దాటాలి. కొండ ఎత్తు వల్ల కాదు, చలి వల్ల. మన బడులు చల్లని ఊళ్లలోనూ ఉన్నాయి, ఎడారిలోనూ ఉన్నాయి, సముద్రం ఒడ్డునా ఉన్నాయి. ఒకే రోజు అందరూ కొలిచి, అంకెలు ఒక్కచోట పెడితే ఎంత బాగుంటుంది! పరీక్షల ముందు టైం ఎక్కడిదని అడిగేవారికి మా జవాబు ఒకటే: చార్టుకు నాలుగు సాయంత్రాలు పడుతుంది, దీనికి ఒక్క పీరియడ్ చాలు.

పోయిన ఏడాది మా తరగతి నుంచి లేహ్ వెళ్లిన స్నేహితురాలికి ఉత్తరం రాశాం. శీతాకాలం సెలవులు అయ్యి బడి తెరవగానే, అక్కడి మైదానంలో గోడకు ఎదురుగా 50 మీటర్ల జాగా ఉందో లేదో చూసి చెప్పమన్నాం. సున్నా నుంచి లెక్కపెట్టమని కింద గీత గీసి మరీ రాశాం.