తుప్పు బండికి నూటపదిహేను కోట్లు, నడిచే ట్రాక్టర్‌కు తుక్కు ధర

పశ్చిమ ఫ్రాన్స్‌ల ఒక పల్లె. పాత కొట్టం. అందుల ఒక కారు, దాని మీద పాత పత్రికల కట్టలు. 2014ల వేలం కంపెనీ మనుషులు పోయి ఆ కట్టలు తీసి చూస్తే అది 1961 నాటి ఫెరారీ, కాలిఫోర్నియా స్పైడర్. 2015 ఫిబ్రవరిల పారిస్‌ల దాన్ని దుమ్ము గూడ దులపకుండ పాటకు పెట్టిన్రు. 1 కోటి 63 లక్షల యూరోలు పలికింది. అప్పటి లెక్కల మన పైసల్ల సుమారు 115 కోట్లు.

గిదేం పిచ్చిరా నాయనా అనిపిస్తది. పిచ్చి కాదు తమ్మీ, దాని ఎనుక లెక్క ఉన్నది. ఆ లెక్క మనకెందుకంటరా? ఫెరారీ కొనేటందుకు కాదు. రేపు మన బండో, మన పంటో పాటకు వచ్చిన నాడు ఏం అడగాల్నో ఎరుకయ్యేటందుకు.

మొదటి లెక్క నంబర్లది. పాత ఇటలీ కారు వేలానికొస్తే పెద్ద బేరగాడు ముందుగాల రంగు చూడడు, చాసీస్ నంబర్ చూస్తడు. ఇంజన్ నంబర్ చూస్తడు. ఫ్యాక్టరీల పుట్టిన నాడు ఏ ఇంజన్ ఉన్నదో ఇయ్యాల గూడ గదే ఉన్నదా అని పాత రికార్డులతోటి కలిపి చూస్తడు. ఫెరారీ కంపెనీల ఈ పని కోసమే ఒక విభాగం ఉన్నది. అసలుదే అని అది సర్టిఫికెట్ ఇస్తే ధర ఎక్కుతది. ఇంజన్ మారిందంటే దిగుతది. 2023 ఆగస్టుల అమెరికాల ఒక ఫెరారీ పాట పాడిన్రు. 1954 నాటి 500 మోండియల్. కారు అనేటందుకు లేదు, కాలిపోయి నలిగిపోయిన రేకుల కుప్ప. గదే 18 లక్షల 75 వేల డాలర్లు పలికింది, అంటే 15 కోట్ల పైమాట. కొన్నోడు రేకులు కొనలే. ఆ నంబరును, దాని ఎనుకున్న కాయిదాలను కొన్నడు.

రెండో లెక్క కథది. కొట్టంల దొరికిన ఆ స్పైడర్ ఒకప్పుడు ఫ్రాన్స్ సినిమా హీరో అలెన్ డెలాన్ నడిపిన బండి. ఆయన ఆ కారుల కూసున్న ఫొటోలు ఉన్నయి. గా ఫొటోలు లేకుంటే అంత ధర వచ్చేది కాదు. మనకు ఇది కొత్తేం కాదు. బాలాపూర్ గణపతి లడ్డూ 1994ల 450 రూపాయలకు పోయింది. 2024ల 30 లక్షల పైన పలికింది. పిండి గదే, చక్కెర గదే. పెరిగింది లడ్డూ కాదు, లడ్డూ ఎనుక కథ.

మూడో లెక్క అసలుదనానిది. మనం బండి అమ్మేముందు రంగేసి మెరిపిస్తం. పాత అరుదైన కార్ల దగ్గర కొన్నిసార్లు గిది ఉల్టా అయితది. కొత్త రంగు ఎప్పుడన్న ఎయ్యొచ్చు, ఫ్యాక్టరీల పడ్డ రంగు ఒక్కసారే పడ్తది. అట్లని తుప్పు పడితే చాలు కోట్లు వస్తయనుకునేరు. మామూలు బండికి తుప్పు తుప్పే. ఫెరారీలల్ల గూడ వేలల్ల తయారైన మోడల్ అయితే చూసేది రిపేర్ల లెక్కనే. 1990లల్ల వచ్చిన ఎఫ్355కు టైమింగ్ బెల్టు మార్చాల్నంటే ఇంజనే కిందికి దించాలె. ఆ పని చేయించిన బిల్లు ఉంటే ఒక ధర, లేకుంటే ఇంకో ధర. ఒక్క కాయిదం ముక్క లక్షలు తెస్తది, లక్షలు పోగొడ్తది.

నాలుగో లెక్క పాటల ఎవరున్నరన్నది. ఫెరారీ 250 జీటీఓ అనే బండి 1962 నుంచి 1964 దాక 36 మాత్రమే చేసిన్రు. అండ్ల ఒకటి టెక్సస్‌ల విక్టోరియా అనే ఊరి హైస్కూలుకు దానంగ వచ్చింది. పిలగాండ్లు దాని మీద మెకానిక్ పని నేర్చుకున్నరు. 1972ల బడోళ్లు దాన్ని 6,500 డాలర్లకు అమ్మిన్రు. కొన్నాయన ఏండ్లకేండ్లు ఆరుబయట ట్రెయిలర్ మీద వదిలేస్తే ఎండకు ఎండి వానకు తడిసింది. ఇదే రకం బండి ఇంకొకటి 2018ల 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. 2023 నవంబర్‌ల న్యూయార్క్‌ల మరొకటి 5 కోట్ల 17 లక్షల డాలర్లకు పోయింది, మన పైసల్ల 430 కోట్ల దాక. దానికి 6 కోట్ల డాలర్లు దాటుతదని ముందుగాల అంచనా ఏసిన్రు, దాటలే. పండితుల లెక్కలు గూడ తప్పుతయి.

మరి బడోళ్లు మోసపోయిండ్రా? లేదు. ఆనాడు దాన్ని అడిగేటోళ్లే లేరు. పాత రేసు బండి, ఎవలకు కావాలె? పాటల ధర కట్టేది ఇనుము కాదు, ఎదురెదురు కూసున్న ఇద్దరు పైసలున్నోళ్లు. ఒక్కడే ఉంటే పాట లేవది. 1988 ఆగస్టుల ఎంజో ఫెరారీ చచ్చిపోయినంక రేట్లు ఆకాశానికి ఎక్కినయి. అప్పు తెచ్చి మరీ కొన్నరు. 1990లు రాంగనే కుప్పకూలినయి. బండ్లు అవే, నంబర్లు అవే. పాడేటోళ్లు మాత్రం లేచి పోయిన్రు. రీల్సుల కార్లు చూపెట్టి, దీంట్ల పెట్టుబడి పెట్టు డబుల్ అయితదని చెప్పేటోడు ఈ ముచ్చట చెప్పడు.

ఐదో లెక్క అన్నిటికంటె పెద్దది. వద్దనే హక్కు. పెద్ద వేలాలల్ల అమ్మేటోడు లోపాయికారిగ ఒక కనీస ధర రాసి పెట్టుకోవచ్చు. పాట అక్కడి దాక రాకుంటే బండి అమ్మరు, నిమ్మళంగ ఇంటికి తోల్కపోతరు. వేలం కంపెనీకి గూడ నష్టం లేదు. అమ్ముడుపోతే సుత్తె పడ్డ ధర మీద కొన్నోని దగ్గర అదనంగ కమీషన్ తీసుకుంటది. ఆ స్పైడర్‌కు సుత్తె పడ్డది 1 కోటి 42 లక్షల యూరోలకు. మీది 20 లక్షల పైన యూరోలు కొన్నోడు కట్టిన కమీషనే.

ఇగ మన దిక్కు రాండ్రి. ఇటలీల స్పోర్ట్స్ కార్లు చేసే లంబోర్గిని పేరు అందరికి తెలుసు. దాన్ని పెట్టిన ఫెరూచియో లంబోర్గిని రైతు బిడ్డ. కార్ల కంపెనీ 1963ల పెట్టిండు గని, అంతకు ముందు 1948 నుంచే ట్రాక్టర్లు చేసి సంపాదించిండు. గీ సంగతి చదివినప్పుడల్లా నాకు మా బాపు ట్రాక్టర్ యాదికొస్తది.

మా బాపు దాన్ని కొత్తగ కొన్నడు. ఇంకో చెయ్యి పడలే. ఏ నట్టు మార్చినా బిల్లు ఒక రేకు డబ్బాల దాస్తుండె. పత్తి పోయిన ఏడు కిస్తీలు ఆగినయి. ఫైనాన్సోళ్లు వచ్చి తోల్కపోయిన్రు. టౌన్ల ఒక యార్డుల పాట పెట్టిన్రట, మాకు కబురు లేదు. పాడినోళ్లు ముగ్గురే, ముగ్గురూ ఒకల్ల మొఖం ఒకలు ఎరిగిన బేరగాళ్లు. తుక్కు ధరకు పోయింది. రేకు డబ్బా మాత్రం మా ఇంట్లనే ఉండిపోయింది. అప్పు ఇంకా మిగిలే ఉన్నదని నోటీసు వచ్చింది.

గిప్పుడు ఐదు లెక్కలు మళ్ల చూడుండ్రి. మా బండికి నంబర్లు ఉన్నయి, కథ ఉన్నది, బిల్లులు ఉన్నయి, ఫెరారీకి ఉన్నయన్నీ ఉన్నయి. లేనియి రెండే. పోటీపడి పాడేటోళ్లు లేరు, వద్దనే హక్కు మాకు లేదు. ధర అక్కడ్నే పోయింది. మార్కెట్ యార్డుల మిర్చి రాశి ముందట నిలబడ్డ రైతుకు గూడ గిదే బాధ. ధర నచ్చకుంటే అమ్మకు అంటరు. కిరాయి ఆటో బయట నిలబడి ఉంటది, అప్పిచ్చినోడు ఇంటికాడ కూసుంటడు. ఎట్ల వద్దంటడు?

గందుకే కిస్తీల బండి ఉన్న ప్రతి తమ్మునికి, చెల్లెకు చెప్తున్న. ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమాలు ఉన్నయి. బండి గుంజుకునే ముందు ఇయ్యాల్సిన నోటీసు గడువు, అమ్మే ముందు బాకీ కట్టేటందుకు ఆఖరి అవకాశం, వేలం ఎట్ల చేస్తరన్న పద్ధతి, ఇవన్నీ అప్పు అగ్రిమెంటుల రాసి ఉండాలె. ఆ అగ్రిమెంటు కాపీ మీ దగ్గర ఉన్నదా? ఇయ్యాల్నే అడుగుండ్రి. సర్వీసు బిల్లులు దాసుండ్రి, ఫోన్ల ఫొటో తీసి పెట్టుకోండ్రి. బండి గుంజుకపోతే దాని స్థితి ఎట్లున్నదో కాయిదం మీద రాయించుకోండ్రి. పాట ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది పాడిన్రు, ఎంతకు పోయింది అని రాతపూర్వకంగ అడుగుండ్రి. అప్పు, ఖర్చులు పోను మిగిలిన పైస ఉంటే అది మీదే.

ఒక్కనితోని అయ్యే పని గాదంటే పది మంది కలిసి పోండ్రి. ఆ ముగ్గురు బేరగాళ్లు పాడే కాడ నాలుగో మనిషి నిలబడ్డా ధర మారుతది.