బీద విద్యార్థుల పక్షమున నిలిచిన లోయిస్ రైస్



చట్టములకు పదవిలో ఉన్నవారి పేర్లు నిలిచిపోతాయి. ఆ చట్టము కోసం కాళ్లరిగేలా తిరిగినవారి పేర్లు చాలామందికి తెలియవు. అమెరికాలో బీద విద్యార్థుల కాలేజీ చదువు నిమిత్తము ప్రభుత్వమిచ్చే సహాయమును పెల్ గ్రాంటు అంటారు. సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరును 1980లో దానికి పెట్టారు. అయితే ఆ గ్రాంటుకు తల్లి అని పిలువబడిన స్త్రీ మరొకరున్నారు. ఈ నెల ఆమెను గూర్చి చెప్పుకొందాము.

లోయిస్ డిక్సన్ రైస్ 1933లో మెయిన్ రాష్ట్రములోని పోర్ట్‌లాండ్ పట్టణములో జన్మించారు. తలిదండ్రులు జమైకా ద్వీపము నుండి వలస వచ్చిన నల్లజాతివారు. తండ్రి ఊడ్చి తుడిచే పని చేసేవారు. తల్లి ఇండ్లలో పనిచేస్తూ, బట్టలు కుట్టేవారు. అట్టి సంపాదనతోనే అయిదుగురు బిడ్డలను కాలేజీకి పంపారు. నలుగురు అన్నలు బౌడిన్ కాలేజీలో చదివారు. కడగొట్టు బిడ్డ లోయిస్ 1954లో రాడ్‌క్లిఫ్ కాలేజీలో పట్టము పుచ్చుకొన్నారు.

చదువు వలన ఒక కుటుంబము ఎంత మారగలదో ఆమె తన యింటిలోనే చూచారు. అందుచేత మొదట నల్లజాతి విద్యార్థులకు కాలేజీ ప్రవేశము కల్పించే సంస్థలో పనిచేశారు. తరువాత కాలేజీ బోర్డు అనే సంస్థలో చేరి, దాని ఉపాధ్యక్షురాలయ్యారు.

అప్పుడు వాషింగ్టన్‌లో పెద్ద వాదము నడుస్తూ ఉంది. ఉన్నత విద్యకు ప్రభుత్వమిచ్చే సొమ్ము ఎవరికి చెందాలి? నేరుగా తమకే ఇవ్వాలని కాలేజీల సంఘములు కోరాయి. విద్యకు ఎంతో మేలు చేసిన ప్రతినిధుల సభ సభ్యురాలు ఎడిత్ గ్రీన్ కూడా ఆ పక్షమునే ఉన్నారు. లోయిస్ రైస్ మాత్రం సహాయము విద్యార్థికే చెందాలని పట్టుబట్టారు. ఆమె చట్టసభ సభ్యులను కలిశారు, వారికి లెక్కలు చూపారు, సభాసంఘముల యెదుట మాట్లాడారు.

ఈ భేదము చిన్నదిగా కనబడవచ్చు. కాని చేతులు కట్టుకొని ఆఫీసు గుమ్మములో నిలబడిన బిడ్డకు ఇది చిన్నది కాదు. సహాయము కాలేజీది అయితే ఆ బిడ్డ అడుక్కోవాలి. సహాయము బిడ్డది అయితే తనకు నచ్చిన కాలేజీని ఎన్నుకోవచ్చు. సొమ్ము కాలేజీ ఆఫీసు ద్వారా అందినను, హక్కు విద్యార్థిదే.

ఆ వాదము నెగ్గింది. 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ చట్టముపై సంతకము చేశారు. 1973-74లో మొదటి సంవత్సరపు విద్యార్థులకు మాత్రమే గ్రాంటు ఇచ్చారు. దాని గరిష్ఠ మొత్తము 452 డాలర్లు. 2024-25 నాటికి అది 7,395 డాలర్లు అయింది. ఇది అప్పు కాదు గనుక సాధారణముగా తిరిగి చెల్లించనక్కరలేదు. యిన్ని సంవత్సరములలో కోట్లాదిమంది విద్యార్థులు దీని వలన మేలు పొందారు.

అయితే పోరాటము అంతటితో ముగియలేదు. 1970ల నడిమి కాలములో గరిష్ఠ గ్రాంటు ప్రభుత్వ విశ్వవిద్యాలయములో చదువుకు, బసకు అయ్యే ఖర్చులో సుమారు నాలుగింట మూడువంతులకు సరిపోయేది. తరువాత ఫీజులు గ్రాంటు కంటె వేగముగా పెరిగాయి. నేడది అందులో మూడోవంతుకు కూడ చాలదు. మిగిలిన దానికి అనేకులు అప్పు చేస్తున్నారు. లోయిస్ రైస్ తరువాత ఒక కంప్యూటర్ కంపెనీలోను, బ్రూకింగ్స్ పరిశోధనా సంస్థలోను పనిచేసినప్పటికిని ఈ విషయమును విడిచిపెట్టలేదు.

ఆమె కుమార్తె సూసన్ రైస్ 2009 నుండి 2013 వరకు ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా ఉన్నారు. ఊడ్చేవాని మనుమరాలు దేశముల సభలో కూర్చున్నది! లోయిస్ రైస్ 2017 జనవరి 4న, తన 83 యేండ్ల వయస్సులో కన్నుమూశారు.

తలిదండ్రులారా, సంఘ పెద్దలారా, మనము కూడ అప్పుడప్పుడు బీద బిడ్డల ఫీజు కడుతూనే ఉన్నాము. మంచిదే. కాని ఎట్లు ఇస్తున్నాము? పదిమందిలో నిలువబెట్టి, ఫొటో తీయించి, చదువవలసిన కోర్సు కూడ మనమే నిర్ణయించి ఇస్తున్నామా? అట్లయితే ఫీజు తీరుతుంది గాని బిడ్డ తల వంగిపోతుంది. ఈ విద్యా సంవత్సరములో ఒక్క బిడ్డకైనను సహాయము చేద్దాము. తల ఎత్తుకొని పుచ్చుకొనేలా చేద్దాము.