బ్యాటు ఎవరిదో నాయకత్వం వారిదేనా?

హైదరాబాదులోని కృష్ణానగర్ సినీ కార్మికులకు, చిన్న నటులకు నిలయం. అక్కడి ఇరుకు సందులలో సాయంవేళ బాలురు క్రికెట్ ఆడుతుంటారు. ఏ ఊరి సందులోనైనా ఆ ఆటకు ఒక అలిఖిత శాసనం ఉంటుంది: బ్యాటు ఎవరిదో కెప్టెన్ వారే! బ్యాటు గల బాలుడు అలిగి ఇంటికి పోతే ఆట ఆగిపోతుంది గనుక తక్కినవారు తలొగ్గుతారు. బాల్యంలో ఇది వినోదమే. ఆ న్యాయమే కళాశాల జట్టులోనూ చెల్లితే అనర్థం తప్పదు.

ఒకప్పుడు భారత జట్టునే ఈ న్యాయం ఏలింది. 1932లో ఇంగ్లాండుకు వెళ్లిన జట్టుకు పోర్‌బందర్ మహారాజు నాయకుడు. ఆ పదవి ఆయనకు ఆట వలన గాక హోదా వలన వచ్చింది. అయినా ఆయన తన శక్తి ఎంతో ఎరిగినవాడు. జూన్ 25న లార్డ్స్‌లో భారతదేశపు తొలి టెస్టు ఆరంభమైనప్పుడు ఆయన తప్పుకొని, సి.కె. నాయుడుకు చోటిచ్చాడు. నాగపూరులోని తెలుగు కుటుంబంలో 1895లో జన్మించిన నాయుడు, 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసిన మేటి. లార్డ్స్‌లో బంతిని ఆపబోయి చేతికి దెబ్బ తగిలినా, తొలి ఇన్నింగ్సులో జట్టులో అందరికంటె ఎక్కువగా 40 పరుగులు చేశాడు. జట్టు 158 పరుగుల తేడాతో ఓడినా గౌరవం నిలుపుకొన్నది.

1936 పర్యటనకు నాయుణ్ణి కాదని విజయనగరం మహారాజకుమారుణ్ణి నాయకుడిగా ఎన్నుకొన్నారు. ఆయన క్రికెట్‌కు ధారాళంగా ధనం వెచ్చించిన పోషకుడు. హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి దిగ్గజాలను మన దేశానికి రప్పించినవాడు. ఆ మేలు మరువరానిదే. కాని పోషణ వేరు, నాయకత్వం వేరు. మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు మాత్రమే. జట్టు వర్గాలుగా చీలింది. చక్కగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను తొలి టెస్టుకు ముందే స్వదేశానికి పంపివేశారు. మూడింటిలో రెండు టెస్టులు ఓడిపోయాము.

అయితే బాగా ఆడేవాడే నాయకుడని తీర్మానించవచ్చునా? అదీ పూర్తి సత్యం కాదు. పోర్‌బందర్ మహారాజు గొప్ప ఆటగాడు కాకపోయినా, జట్టు మేలు కోరి తప్పుకొన్న క్షణాన నాయకుడే. 'నాయక' శబ్దానికి తీసికొనిపోవువాడు అని అర్థం. మన ఆలంకారికులు ధీరోదాత్తునికి గాంభీర్యం, క్షమ, ఆత్మస్తుతి లేకపోవడం లక్షణాలుగా చెప్పారు. వెండితెర కథానాయకుడు ఒంటిచేత్తో గెలుస్తాడు. మైదానంలోని నాయకుడు పదిమందిని గెలిపిస్తాడు.

కళాశాలలో కెప్టెన్‌ను ఎన్నుకొనే వేళ విద్యార్థులు చూడవలసినది ఇదే. ఖరీదైన బ్యాటు ఎవరిదని కాదు, క్యాచ్ జారవిడిచిన సహచరుని భుజం తట్టేది ఎవరని అడగాలి. ఓటమికి సాకు వెతకనివాడు ఎవరని అడగాలి. సందులోని ఆ బాలుడు ఒకనాడు తన బ్యాటును తనకంటె సమర్థుని చేతికిచ్చి, "ఈ రోజు నువ్వు నడిపించు" అంటే, అతడు నాయకత్వంలో తొలిపాఠం నేర్చినట్లే.